మంచు ఊళ్లో కారు కొంటున్నారా? ఆల్ వీల్ డ్రైవ్ కంటే ముందు టైర్ల సంగతి చూడండి

హోండా సీఆర్-వీ కొందామని డీలర్ దగ్గరికి వెళితే ఒకే రంగు, ఒకే ట్రిమ్ ఉన్న రెండు కార్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ధరలో మాత్రం దాదాపు 1,500 డాలర్ల తేడా. ఒకటి ఫ్రంట్ వీల్ డ్రైవ్, రెండోది ఆల్ వీల్ డ్రైవ్. "మీరుండేది చికాగోలోనా? అయితే ఆల్ వీలే తీసుకోండి, సేఫ్టీ కదా" అంటాడు సేల్స్ మనిషి. బావగారికి ఫోన్ చేస్తే ఆయనదీ అదే మాట. ఆఫీసులో సీనియర్‌ని అడిగినా అంతే. చంటిపిల్లలున్న ఇంట్లో సేఫ్టీ అన్న మాట వినపడ్డాక ఇక ఎవరూ బేరమాడరు. సంతకం పెట్టేస్తారు.

ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది. ఆపదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే ఎంపిక చాలా తేలికవుతుంది. మంచులో బండి కదలకపోతే ఆఫీసుకి ఆలస్యమవుతుంది, అంతే. ఆగకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే డబ్బులు పెట్టాల్సిన వరస నా దృష్టిలో ఇది: మొదట టైర్లు, తర్వాత మీ ఇంటి చుట్టూ ఉన్న ఎత్తుపల్లాలు చూసుకోవడం, ఆ తర్వాతే ఎన్ని చక్రాలకు ఇంజన్ బలం వెళుతుందన్న ప్రశ్న.

ఇది ముఖ్యంగా అమెరికాలో, కెనడాలో ఉన్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. మనలో చాలామంది హైదరాబాదులోనో విజయవాడలోనో డ్రైవింగ్ నేర్చుకుని, పాతికేళ్లు దాటాక జీవితంలో మొదటిసారి మంచు మీద స్టీరింగ్ పట్టుకున్నవాళ్లం. పదహారేళ్లకే తండ్రి పక్కన కూర్చుని స్నోలో నడపడం నేర్చుకున్న మిన్నెసోటా పిల్లాడికి ఒంటబట్టిన జాగ్రత్త మనకు ఉండదు. అందుకని బండి మీదే భారం వేస్తాం. ఏ భారం దేని మీద వేయాలో తెలియడం అందుకే ముఖ్యం.

రెండింటికీ తేడా ఎక్కడ

ఫ్రంట్ వీల్ కారులో ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ బానెట్ కిందే అడ్డంగా కూర్చుంటాయి. బలం ముందు చక్రాలకే వెళుతుంది. బండి బరువులో దాదాపు 60 శాతం ఆ చక్రాల మీదే పడుతుంది కాబట్టి చదును రోడ్డు మీద, రెండు మూడు అంగుళాల మంచులో ఇది మనం అనుకున్నదానికంటే బాగా లాగుతుంది. సివిక్‌లు, కరోలాలు బఫెలోలో, టొరంటోలో దశాబ్దాలుగా తిరుగుతున్నాయంటే కారణం ఇదే.

ఆల్ వీల్ అంటే నాలుగు చక్రాలకూ బలం అందుతుంది. అయితే సీఆర్-వీ లాంటి కార్లలో అది ఎప్పుడూ సమానంగా వెళ్లదు. మామూలు రోడ్డు మీద బండి చాలావరకు ముందు చక్రాలతోనే నడుస్తుంది. ముందు చక్రాలు జారుతున్నాయనో, జారబోతున్నాయనో కంప్యూటర్ పసిగట్టగానే మధ్యలో ఉన్న క్లచ్ బిగుసుకుని వెనక చక్రాలకు బలం పంపుతుంది. సుబారు పద్ధతి వేరు. అందులో నాలుగు చక్రాలూ ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. ఆటోమేటిక్ మోడళ్లలో సాధారణంగా ముందుకు 60, వెనక్కి 40 శాతం. బీఆర్‌జెడ్ అనే స్పోర్ట్స్ కారు తప్ప అమెరికాలో సుబారు అమ్మే పెట్రోలు కార్లన్నీ ఆల్ వీలే.

టొయోటా హైబ్రిడ్లది మూడో దారి. ఆర్ఏవీ4 హైబ్రిడ్, సియెన్నా లాంటి వాటిలో ముందు నుంచి వెనక్కి బలం మోసుకెళ్లే పొడవాటి షాఫ్ట్ ఉండదు. వెనక చక్రాలకు విడిగా ఒక ఎలక్ట్రిక్ మోటర్ పెట్టారు. షాఫ్ట్ లేనందువల్ల బరువు, నిర్వహణ కొంత తగ్గుతాయి. ఆ మోటర్ చిన్నది కాబట్టి లోతు మంచులో కూరుకుపోయిన బండిని లాగే బలం మాత్రం సుబారుకున్నంత ఉండదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్ నుంచి బయటపడటానికి అది చాలు.

ఈ మూడు పద్ధతుల్లో ఏదైనా సరే, బలం పంచేది మీరు యాక్సిలరేటర్ నొక్కినప్పుడే. బ్రేకు నొక్కిన క్షణం నుంచి ఆ యంత్రాంగానికి పెద్దగా పని లేదు. బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకూ ఉన్నాయి, ఫ్రంట్ వీల్‌కైనా ఆల్ వీల్‌కైనా. ఆపేది బ్రేకు, పట్టు ఇచ్చేది టైరు.

ఆగే దూరం లెక్క

గంటకు 30 మైళ్ల వేగంతో వెళుతూ గట్టిగా బ్రేకు వేశారనుకోండి. పొడి తారురోడ్డు మీద రాపిడి గుణకం, అంటే టైరుకు రోడ్డు మీద దొరికే పట్టు కొలత, 0.8 దాకా ఉంటుంది. బండి సుమారు 40 అడుగుల్లో ఆగుతుంది. తొక్కుడు పడి గట్టిపడిన మంచు మీద ఆ గుణకం 0.2 దగ్గరికి దిగుతుంది, ఆగే దూరం 150 అడుగులు. ఐస్ మీద 0.1 అనుకుంటే 300 అడుగులు, అంటే ఇరవై కార్లు వరసగా నిలబెట్టినంత. మీరు ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదికి తెచ్చేలోగా బండి పోయే దూరం దీనికి అదనం. ఈ లెక్కలో ఎన్ని చక్రాలకు ఇంజన్ బలం వెళుతోందన్న అంకె ఎక్కడా లేదు. హైస్కూలు ఫిజిక్సే ఇది.

మలుపులోనూ అంతే. వంపు తిరిగే రోడ్డు మీద బండిని పక్కకు జారకుండా పట్టి ఉంచేది టైరు. ఎగ్జిట్ ర్యాంపులోకి 45 మైళ్ల వేగంతో దూసుకొచ్చిన ఆల్ వీల్ ఎస్‌యూవీ, అదే వేగంతో వచ్చిన ఫ్రంట్ వీల్ సెడాన్, రెండూ ఒకే గుంటలోకి వెళతాయి. ఎస్‌యూవీ బరువు ఎక్కువ, ఎత్తు ఎక్కువ కాబట్టి దాని పరిస్థితే ఇంకాస్త కష్టం కావచ్చు. ఇక్కడ కాస్త ఆదుకునేది స్టెబిలిటీ కంట్రోల్, అంటే జారుతున్న బండికి ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే ఏర్పాటు. అమెరికాలో 2012 మోడల్ నుంచి ప్రతి కారుకూ అది తప్పనిసరి. కాబట్టి విద్యార్థులు పాత కారు కొంటుంటే ఆల్ వీల్ ఉందా అని కాక, 2012 మోడల్ లేదా ఆ తర్వాతదేనా అని ముందు చూడండి.

ఫ్రంట్ వీల్ బండికి ఒక మంచి గుణం ఉంది. రోడ్డు జారుడుగా ఉంటే స్టాప్ సైన్ దగ్గర బయలుదేరేటప్పుడే ముందు చక్రాలు గిర్రున తిరిగి మీకు చెప్పేస్తాయి. కాలు దానంతటదే వెనక్కి వస్తుంది. ఆల్ వీల్ ఈ హెచ్చరికను మింగేస్తుంది. బండి పొడి రోడ్డు మీద వెళ్లినట్టే సాఫీగా వేగం అందుకుంటుంది. రోడ్డు ఎంత జారుతోందో మీకు తెలిసేది మొదటిసారి గట్టిగా బ్రేకు వేసినప్పుడే. అప్పటికి వేగం 50 దాటి ఉంటుంది. స్నో తుపాను తర్వాత హైవే పక్క గుంటల్లో అన్ని ఎస్‌యూవీలు, పికప్పులు కనిపించడంలో నాకేమీ ఆశ్చర్యం లేదు.

డాలస్‌లో ఉన్నవాళ్లకు 2021 ఫిబ్రవరి గుర్తుండే ఉంటుంది. ఆ నెల 11న ఉదయం ఫోర్ట్ వర్త్‌లో ఐ-35డబ్ల్యూ ఎక్స్‌ప్రెస్ లేన్ల మీద ఐస్ పట్టి 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆరుగురు చనిపోయారు. అక్కడ ఏ బండికీ కదలడంలో ఇబ్బంది రాలేదు. ఆపడమే కుదరలేదు. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఉంటూ "ఏడాదికి రెండు రోజులు ఐస్ పడుతుంది కదా, అందుకే ఆల్ వీల్ తీసుకుంటున్నా" అనేవాళ్లకు నా జవాబు ఎప్పుడూ ఒకటే: ఆ రెండు రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ చేయండి. ఐస్‌కి విరుగుడు ఆల్ వీల్ డ్రైవ్‌లో లేదు.

టైర్లు

కొత్త కారుతో వచ్చేవి సాధారణంగా ఆల్ సీజన్ టైర్లు. పేరులో అన్ని కాలాలూ ఉన్నా, అవి వాన, ఎండ, కాస్త మంచుకు సరిపెట్టుకునేలా చేసినవి. ఉష్ణోగ్రత 45 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 7 సెల్సియస్ కిందికి పోయేకొద్దీ మామూలు రబ్బరు బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన రబ్బరు రోడ్డు గరుకును పట్టుకోలేదు. వింటర్ టైర్ల రబ్బరు వేరు. సున్నాకి ఎంతో దిగువన కూడా మెత్తగానే ఉంటుంది. పైగా వాటి ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాళ్ల పొర, నిండా సన్నటి గాట్లు ఉంటాయి. మంచును కరిచి పట్టుకునేవి అవే.

టైరు పక్కన ముద్రలు చూడటం నేర్చుకోండి. ఎం+ఎస్ (మడ్ అండ్ స్నో) అని ఉంటే దానికి పెద్ద విలువ ఇవ్వకండి. ట్రెడ్ గాళ్ల ఆకారాన్ని బట్టి ఇచ్చేదే తప్ప దాని వెనక పరీక్ష ఏదీ ఉండదు. మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు ఉన్న బొమ్మ ఉంటే అది మంచులో పరీక్షించి ఇచ్చిన ముద్ర. అయితే ఆ పరీక్షలో చూసేది గట్టి మంచు మీద ముందుకు లాగే పట్టును మాత్రమే. ఐస్ మీద బ్రేకు సంగతి అందులో లేదు. కాబట్టి ఆ బొమ్మ ఉన్న టైర్లన్నీ ఒకటే అనుకోకూడదు. బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, నోకియన్ హక్కపెలిట్టా లాంటి అసలు సిసలు వింటర్ టైర్లు ఒక వర్గం. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2 లాంటి ఆల్ వెదర్ టైర్లు ఇంకో వర్గం. వీటికీ ఆ బొమ్మ ఉంటుంది, ఏడాది పొడవునా మార్చకుండా వాడుకోవచ్చు. న్యూజెర్సీ, వర్జీనియా, మేరీలాండ్ లాంటి చోట్ల ఎడిసన్‌లోనో యాష్‌బర్న్‌లోనో ఉండి, చలికాలంలో నాలుగైదు సార్లు మంచు చూసే కుటుంబాలకు ఫ్రంట్ వీల్ బండి, ఆల్ వెదర్ టైర్లు అన్నది నాకు తెలిసి అత్యుత్తమమైన జోడీ. అపార్ట్‌మెంట్‌లో టైర్లు దాచుకోవడానికి చోటు లేని బాధ కూడా ఉండదు.

చికాగో, డెట్రాయిట్, మినియాపొలిస్, బఫెలో, మాంట్రియల్ అయితే ఆ జోడీ చాలదు. అక్కడ డిసెంబరు నుంచి మార్చి దాకా అసలైన వింటర్ టైర్లే వేసుకోవాలి. కెనడాలో క్యూబెక్ ప్రభుత్వం డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లను చట్టంతోనే తప్పనిసరి చేసింది. ఆల్ వీల్ ఉంది కదా అని మినహాయింపు ఏమీ లేదు. మంచుతో పుట్టి పెరిగినవాళ్లు చట్టం రాసుకున్నప్పుడు దేని మీద పట్టుబట్టారో చూడండి.

వేసుకుంటే నాలుగూ వేసుకోవాలి. ఫ్రంట్ వీల్ కదా, ముందు రెండిటికే వేస్తే డబ్బు మిగులుతుందని కొందరు అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు గట్టి పట్టు, వెనక బిరుసు రబ్బరు ఉంటే మలుపులో వెనక భాగం జారి బండి గిర్రున తిరిగిపోతుంది. ఇదే కారణంతో, మామూలు రోజుల్లో రెండే కొత్త టైర్లు వేయించినా వాటిని వెనకే వేయించాలి, ఫ్రంట్ వీల్ బండి అయినా సరే.

ఇక ట్రెడ్ లోతు. కొత్త టైరుకు అంగుళంలో 32వ వంతులు లెక్కన సుమారు 10 ఉంటాయి. చాలా రాష్ట్రాల్లో చట్టం 2 దాకా ఒప్పుకుంటుంది. మంచులో 5, 6 కిందికి వచ్చేసరికే పట్టు బాగా తగ్గిపోతుంది. ఇంట్లో క్వార్టర్ నాణెం తీసుకుని వాషింగ్టన్ తల కిందికి ఉండేలా గాడిలో పెట్టండి. తల పైభాగం కనపడితే 4 కంటే తక్కువ ఉన్నట్టు. మంచు ఊళ్లో ఆ టైర్లతో చలికాలంలోకి వెళ్లకండి. అరిగిన టైర్లున్న ఆల్ వీల్ కారు కంటే మంచి వింటర్ టైర్లున్న పాత కరోలా నాకు ఎన్నో రెట్లు నమ్మకం.

ఆల్ వీల్ నిజంగా కావాల్సిన చోట్లు

ఇంత చెప్పానని ఆల్ వీల్ దండగ అనడం లేదు. అది అవసరమైన చోట దానికి ప్రత్యామ్నాయం లేదు.

మొదటిది ఎత్తు. బండి కొండ ఎక్కుతున్నప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది, ముందు చక్రాల మీద ఒత్తిడి తగ్గుతుంది. ఫ్రంట్ వీల్‌కి చదును మీద ఉన్న లాభమంతా అక్కడే పోతుంది. పిట్స్‌బర్గ్ వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ ఊరే గుట్టల మధ్య ఉంది. పెన్ హిల్స్‌లో 1976 నుంచి ఉన్న వెంకటేశ్వరస్వామి గుడి కూడా గుట్ట మీదే. ముక్కోటికి జనవరి మంచులో ఆ దారి ఎక్కి, మధ్యలో ముందున్న కారు ఆగితే మళ్లీ ఎత్తు మీద నుంచే బయలుదేరాలి. అలాంటి చోట వెనక చక్రాలు తోడొస్తే ఎంత హాయో! మీ ఇంటి డ్రైవ్‌వే బాగా ఏటవాలుగా ఉన్నా, సియాటిల్ పక్క ఇసాక్వా, సమామిష్ వైపు గుట్టల మీద ఇల్లు ఉన్నా ఇదే లెక్క. దిగేటప్పుడు మాత్రం మళ్లీ టైర్లే గతి.

రెండోది మంచు తీసే ప్లౌ ట్రక్కు కంటే ముందే రోడ్డెక్కాల్సిన ఉద్యోగాలు. రెసిడెన్సీ చేసే మన డాక్టర్లు, నర్సులు తెల్లవారుజామున అయిదింటికి హాస్పిటల్లో ఉండాలి. "రోడ్డు క్లియర్ కాలేదు" అన్న కారణం రౌండ్స్ దగ్గర చెల్లదు. సిరాక్యూస్‌లోనో క్లీవ్‌లాండ్‌లోనో రెసిడెన్సీ సీటు వచ్చినవాళ్లు మొదటి జీతం చూసుకుని కారు కొంటుంటే, ఆల్ వీల్ తీసుకోమనే చెబుతాను. వింటర్ టైర్లు కూడా కలిపి. ఇక్కడ బండి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందన్నది కూడా చూడాలి. సుబారు ఫారెస్టర్, అవుట్‌బ్యాక్ 8.7 అంగుళాల ఎత్తులో ఉంటాయి. సెడాన్లు అయిదారు అంగుళాలే. మంచు బండి కడుపుకు తగిలిందంటే చక్రాలు ఎన్ని తిరిగినా లాభం లేదు. 2022 నవంబరులో బఫెలో శివార్లలో 6 అడుగులకు పైగా మంచు పడింది. అలాంటి రోజు ఏ కారూ వెళ్లదు, వెళ్లకూడదు కూడా.

మూడోది కొండదారుల నిబంధనలు. బే ఏరియాలో ఉండేవాళ్లకు ఇంటి దగ్గర మంచే ఉండదు. కానీ డిసెంబరు సెలవులకు పిల్లల్ని టాహో తీసుకెళ్లాలి. ఐ-80, యూఎస్-50 మీద ఆర్-2 అనే నియంత్రణ పెట్టారంటే ఫ్రంట్ వీల్ బండి ఆగి ముందు చక్రాలకు చైన్లు కట్టుకోవాల్సిందే. నాలుగు చక్రాలకూ స్నో ట్రెడ్ టైర్లు ఉన్న ఆల్ వీల్ బండి చైన్లు కట్టకుండా వెళ్లిపోవచ్చు, డిక్కీలో మాత్రం ఉంచుకోవాలి. ఆర్-3 అయితే అందరూ కట్టాలి, కానీ అంతదాకా వస్తే సాధారణంగా రోడ్డే మూసేస్తారు. సియాటిల్ వాళ్లకు స్నోక్వాల్మీ పాస్ దగ్గరా ఇలాంటి పద్ధతే ఉంది. డెన్వర్ వాళ్లకు ఐ-70 మీద మోరిసన్ నుంచి డాట్సెరో దాకా సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ చట్టం, అంటే టైర్ల పట్టు గురించిన నిబంధన, ఉంటుంది. అక్కడ ఆల్ వీల్ బండి టైర్లకు కూడా 3/16 అంగుళం ట్రెడ్ ఉండాలంటారు. ఏడాదికి ఒక్కసారి టాహో వెళ్లేవాళ్లయితే ఆ వారాంతానికి ఆల్ వీల్ బండి అద్దెకు తీసుకుంటే సరిపోతుంది. నెలకోసారి స్కీయింగ్‌కి వెళ్లే కుటుంబమైతే వణుకుతున్న వేళ్లతో చైన్లు కట్టే బాధ తప్పించుకోవడానికే ఆ 1,500 డాలర్లు ఇవ్వొచ్చు.

ఈ మూడింటిలో ఏదీ మీకు వర్తించకపోతే, నా సలహా ఫ్రంట్ వీల్.

డబ్బు లెక్క

మైలేజీ దెబ్బతింటుందని అందరూ భయపెడతారు. ఈ రోజుల్లో ఆ తేడా చిన్నదే. 2023 సీఆర్-వీ పెట్రోలు బండికి అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం ఫ్రంట్ వీల్ గ్యాలనుకు సగటున 30 మైళ్లు, ఆల్ వీల్ 29. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే తేడా 14 గ్యాలన్లు. గ్యాలను మూడున్నర డాలర్లు అనుకుంటే 50 డాలర్ల లోపే. హైబ్రిడ్‌లో 40కి 37, అంటే ఏడాదికి 24 గ్యాలన్లు. మైలేజీ కోసమని ఆల్ వీల్ వద్దనుకోవడంలో అర్థం లేదు.

అసలు ఖర్చు టైర్ల దగ్గర వస్తుంది. ఆల్ వీల్ బండికి నాలుగు టైర్లూ దాదాపు ఒకే చుట్టుకొలతలో ఉండాలి. ఒకటి ఎక్కువ అరిగి, ఇంకొకటి కొత్తదైతే అవి వేర్వేరు వేగాల్లో తిరుగుతాయి. మధ్యలో ఉన్న క్లచ్, చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ రోజంతా ఆ తేడాను సర్దుతూ వేడెక్కి పాడవుతాయి. సుబారు అయితే చుట్టుకొలతలో పావు అంగుళం కంటే తేడా ఉండొద్దంటుంది. 25,000 మైళ్లు తిరిగిన టైర్లలో ఒకదానికి మేకు పక్కగోడలో దిగిందనుకోండి, ఫ్రంట్ వీల్ బండికి జత మార్చి సరిపెట్టుకోవచ్చు. ఆల్ వీల్‌కి చాలాసార్లు నాలుగూ మార్చమంటారు. కొత్త టైరును మిగతా వాటి స్థాయికి చెక్కి ఇచ్చే షాపులు కొన్ని ఉన్నాయి, అడిగి చూడండి. టోయింగ్‌లో కూడా తేడా ఉంది. ఫ్రంట్ వీల్ బండిని ముందు చక్రాలు ఎత్తి లాక్కెళ్లొచ్చు. ఆల్ వీల్‌కి ఫ్లాట్‌బెడ్ ట్రక్కే పిలవాలి. ఫోన్లోనే ఆ మాట చెప్పండి.

వీటికి వెనక డిఫరెన్షియల్ ఆయిల్ మార్పులు కూడా కలుపుకుంటే, అయిదేళ్లలో ఆల్ వీల్ అదనపు ఖర్చు సుమారు 2,000 డాలర్ల దాకా వెళుతుంది. అమ్మేటప్పుడు మంచు రాష్ట్రాల్లో అందులో కొంత తిరిగి వస్తుంది. మరోవైపు వింటర్ టైర్లు నాలుగు, వాటికి విడిగా స్టీలు రిమ్ములు, సైజును బట్టి 1,000 డాలర్ల చుట్టుపక్కల. ఏడాదికి రెండుసార్లు మార్చే కూలి అదనం. కానీ వింటర్ టైర్లు తిరిగినన్నాళ్లు మామూలు టైర్లు గ్యారేజీలో ఉంటాయి, వాటి ఆయుష్షు పెరుగుతుంది. అయిదేళ్లకు లెక్కేస్తే రెండు దారుల ఖర్చూ దగ్గరదగ్గరే. ఒకదాంట్లో కదిలే బలం కొంటున్నారు, ఇంకోదాంట్లో కదలడం, ఆగడం, తిరగడం మూడూ కొంటున్నారు.

కొన్ని కార్లలో ఈ ఎంపికే ఉండదు. మాజ్డా సీఎక్స్-5 అమెరికాలో 2022 నుంచి ఆల్ వీల్‌గానే వస్తోంది. ఆర్ఏవీ4 హైబ్రిడ్ 2025 మోడల్ దాకా అంతే. హోండా ఒడిస్సీ మాత్రం ఫ్రంట్ వీలే. అమ్మానాన్నలు ఆరు నెలలకు వస్తారని మినీవ్యాన్ చూసేవాళ్లు, గుట్టల ఊరైతే ఆల్ వీల్ ఉన్న సియెన్నా వైపు, చదును ఊరైతే ధరను బట్టి ఏదైనా చూడొచ్చు. టెస్లాలో ఒకే మోటర్ ఉన్న మోడల్ 3, మోడల్ వై వెనక చక్రాల బళ్లు. వాటికి ఇక్కడి ఫ్రంట్ వీల్ లెక్కలు వర్తించవు. మంచు ఊళ్లో అవి కొంటే వింటర్ టైర్లు ఇంకా తప్పనిసరి.

ఇండియా నుంచి అడిగేవాళ్లకు

హైదరాబాదులో క్రెటా, సెల్టోస్, నెక్సాన్ చూసేవాళ్లకు ఈ సందేహమే రాదు, అవన్నీ ఫ్రంట్ వీలే. ఊరి రోడ్లకు, హైవేకి అంతకంటే అక్కర్లేదు. వానలో రోడ్డు మీద నీళ్ల పొర మీద తేలి జారడానికి విరుగుడు మంచి ట్రెడ్, తక్కువ వేగం. గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్ లాంటివి అరకు ఘాట్ రోడ్డుకు అవసరమా అంటే తారురోడ్డు ఉన్నంతవరకు అవసరం లేదు. నల్లరేగడి చేలోకి వానాకాలం వెళ్లాల్సినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు కావాల్సింది లో గేర్ ఉన్న ఫోర్ బై ఫోర్, అంటే థార్, జిమ్నీ లాంటివి. వాటిలో ఫోర్ వీల్ వేశాక ముందు వెనకలు బిగుసుకుపోతాయి. ఆ గేర్‌లో పొడి తారురోడ్డు మీద నడపకూడదు, లోపలి గేర్ల పళ్ల మీద భారం పడుతుంది. ఇంకో విషయం, థార్‌లో ఫోర్ బై టూ అంటే వెనక చక్రాల డ్రైవ్.

సెకండ్ హ్యాండ్ ఆల్ వీల్ కొంటుంటే

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లలు ఎక్కువగా పాత బళ్లే కొంటారు కాబట్టి ఇది చెప్పాలి. మొట్టమొదట నాలుగు టైర్ల కంపెనీ, మోడల్ చదవండి. మూడు ఒక రకం, ఒకటి వేరే రకం ఉంటే, ఆ పాత యజమాని డిఫరెన్షియల్‌ని కూడా అలాగే చూసుకుని ఉంటాడని అనుమానించండి. సర్వీసు కాగితాల్లో వెనక డిఫరెన్షియల్ ఆయిల్ మార్చినట్టు ఉందో లేదో వెతకండి. ఏ సర్వీసు ఎప్పుడో డాష్‌బోర్డు మీద చెప్పే హోండా మెయింటెనెన్స్ మైండర్‌లో ఆ పనికి గుర్తు 6. తర్వాత బండిని పది నిమిషాలు తిప్పి వేడెక్కించి, ఖాళీ పార్కింగ్ లాట్‌లో పొడి నేల మీద స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపండి. రెండో పక్కకూ అలాగే. వెనక నుంచి గరగరమని మూలిగినా, ఎవరో పట్టి లాగినట్టు కుదుపులు వచ్చినా డిఫరెన్షియల్ బాగాలేనట్టే. హోండాల్లో చాలాసార్లు ఆయిల్ మారిస్తే అది పోతుంది. బండి అమ్మేవాణ్నే ఆ ఆయిల్ మార్పించమని చెప్పి, మళ్లీ వెళ్లి గుండ్రంగా తిప్పి చూడండి. అప్పటికీ మూలుగు తగ్గకపోతే బేరం వదిలేసి, ఆ ధరకు దొరికే ఫ్రంట్ వీల్ బండి చూసుకోండి.